సాక్ష్యం చెదిరిపోక ముందే రాసిపెట్టాలి

నాబోతు ద్రాక్షతోట సంగతి మన సండే స్కూలు పిల్లలకు కూడా తెలుసు. రాజుకు తోట కావలసి వచ్చింది. యెజెబెలు రాజముద్ర వేసి తాకీదులు పంపింది. ఇద్దరు అబద్ధ సాక్షులు లేచారు. నాబోతు ప్రాణం పోయింది. కాగితం మీద అంతా సక్రమమే! నిజం తెలిసిన పెద్దలు నోరు మెదపలేదు. అధికార బలంతో హక్కులు కాలరాసే తీరు నేటికీ ఇదే. అందుకే జరిగినది జరిగినట్టు నమోదు చేయడం సంఘాలు నేర్చుకోవాలని మేము కోరుతున్నాము.

మన డెల్టాలో జరిగినవి

రామచంద్రపురం దగ్గరి వెంకటాయపాలెంలో 1996 డిసెంబరు 29న ఐదుగురు దళిత యువకులను హింసించి, వారిలో ఇద్దరికి శిరోముండనం చేశారు. 2024 ఏప్రిల్ 16న విశాఖపట్నంలోని ప్రత్యేక కోర్టు అప్పటి ఎమ్మెల్యే తోట త్రిమూర్తులుకు, మరికొందరికి 18 నెలల జైలు శిక్ష విధించింది. కింది కోర్టు తీర్పు రావడానికే 27 ఏళ్లు దాటింది.

2017లో పాలకోడేరు మండలం గరగపర్రులో అంబేడ్కర్ విగ్రహం వివాదం తర్వాత దళితులను సాంఘికంగా బహిష్కరించారు. 2020 జూలైలో సీతానగరం పోలీసు స్టేషన్‌లోనే ఒక దళిత యువకుడిని కొట్టి గుండు గీశారన్న ఆరోపణపై ఎస్‌ఐని సస్పెండ్ చేసి అరెస్టు చేశారు. ఇసుక లారీల గొడవ నుంచి పుట్టిన ఆ ఘటన వెనుక అధికార పార్టీ స్థానిక నాయకుడు ఉన్నాడని బాధితుడు ఆరోపించాడు.

1996లో ఒక పార్టీ, 2020లో మరో పార్టీ పాలనలో ఉన్నాయి. పార్టీ మారినా దెబ్బ తిన్నది ఒకే పేటవారు.

నిజ నిర్ధారణ ఎలా చేస్తారు?

మన రాష్ట్రంలో పౌర హక్కుల సంఘం, 1998లో ఏర్పడిన మానవ హక్కుల వేదిక ఈ పని చేస్తూ వచ్చాయి. వేదిక స్థాపకులలో ఒకరైన కె. బాలగోపాల్ ప్రభుత్వ హింసను ఎంత గట్టిగా ప్రశ్నించారో, నక్సలైట్ల హింసను కూడా అలాగే ప్రశ్నించారు. అందుకే ఆయన మాటకు విలువ ఉండేది. వారి పద్ధతిలో మనం నేర్చుకోదగినవి ఇవి:

1. తేదీ, వేళ, స్థలం అదే రోజు రాయాలి. కళ్లారా చూసినది వేరు, విన్నది వేరు. రెండూ కలపకూడదు.
2. బాధితుల మాటతో పాటు ఎదుటి పక్షం మాట, పోలీసుల మాట కూడా రాయాలి.
3. ఆసుపత్రి చీటీలు, ఫొటోలు, ఎఫ్‌ఐఆర్ నకలు భద్రపరచాలి. ఫిర్యాదుదారుకు ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి.
4. బాధితుల సమ్మతి లేకుండా పేర్లు, ఫొటోలు వాట్సాప్‌లో పెట్టకూడదు. సాక్షి భద్రతే ముఖ్యం.
5. స్టేషన్‌లో కేసు తీసుకోకపోతే ఎస్పీకి రాతపూర్వకంగా పంపాలి. జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు ఘటన జరిగిన ఏడాదిలోగా ఫిర్యాదు చేయాలి. దానికి రుసుము లేదు.

మనకున్న ప్రత్యేక చిక్కు

బలవంతపు శిరోముండనం, సాంఘిక బహిష్కరణ ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరాలు. కానీ 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులకు ఎస్సీ హోదా లేదు. క్రైస్తవ మతం స్వీకరించినవారు ఈ చట్టం కింద రక్షణ కోరలేరని 2025 ఏప్రిల్ 30న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు చెప్పింది. మతం మారినా పేట మారలేదు, ఊళ్లో పిలిచే పేరు మారలేదు. అయినా చట్టం తలుపు ఒకటి మూసుకుంది. సాధారణ శిక్షాస్మృతి, మానవ హక్కుల కమిషన్లు అందరివీ. అక్కడ మన ఫిర్యాదు నిలవాలంటే ఆధారాలు మరింత గట్టిగా ఉండాలి.

ఒక మాట మాకు మేమే చెప్పుకోవాలి. ఆదివారం ఒకే బెంచీ మీద రెండు పార్టీలవారు కూర్చుంటారు. మనవాడు కొడితే క్రమశిక్షణ, ఎదుటివాడు కొడితే దౌర్జన్యం అనే త్రాసు దేవునికి హేయము. ప్రతి సంఘంలో నమ్మకస్థులైన ఇద్దరు, వీలైతే ఒక సహోదరి, ఒక యౌవనస్థుడు, ఒక నోటు పుస్తకంతో ఈ బాధ్యత తీసుకోవాలి. కాపరి దానికి అండగా నిలవాలి. 27 ఏళ్ల తర్వాత బోనెక్కే సాక్షికి, మొదటి రోజు రాసిన ఆ పేజీయే ధైర్యం.