పత్తి ఇక్కడ, నూలు అక్కడ: ఆదోని–ఎమ్మిగనూరు ప్రాంతంలో అంతర్జాతీయ వాణిజ్యం, దాని నైతికత

ఉపోద్ఘాతం

కర్నూలు జిల్లా పడమటి భాగంలో ఆదోని, ఎమ్మిగనూరు పట్టణాలు ఒకదానికొకటి సుమారు ముప్పై కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. మొదటిది పత్తి మార్కెట్టుకు, రెండోది చేనేతకు ప్రసిద్ధం. నల్లరేగడిలో పండిన పత్తి దూదిగా ఏకబడి, నూలుగా వడకబడి, పక్క ఊరి మగ్గం మీద బట్టగా మారడం సహజమైన క్రమమని అనిపిస్తుంది. చరిత్ర మాత్రం ఈ క్రమాన్ని తెంచివేసింది. పంతొమ్మిదవ శతాబ్ది చివరినాటికి ఈ సీమ దూది బేళ్ళు రైలెక్కి రేవులకు పోతుండగా, మగ్గాలకు కావలసిన సన్ననూలు రేవుల నుండి ఇటు వచ్చేది. పత్తికీ బట్టకీ నడుమ ఉండవలసిన దారి సముద్రాలు దాటి వెళ్ళింది.

అంతర్జాతీయ వాణిజ్యపు నైతికతను గూర్చిన చర్చ సాధారణంగా రెండు పక్షాలుగా సాగుతుంది. స్వేచ్ఛావాణిజ్యం అందరికీ మేలు చేస్తుందన్నది ఒక పక్షం. అది బలవంతుల దోపిడికి మారుపేరన్నది రెండవది. రెండూ ఎల్లలు తెరిచి ఉంచాలా, మూసి ఉంచాలా అన్న ప్రశ్న దగ్గరే ఆగిపోతాయి. ఆదోని, ఎమ్మిగనూరుల అనుభవాన్ని పక్కపక్కన ఉంచి చూస్తే వేరొక కొలత ముందుకు వస్తుంది. ధర మారినప్పుడు నష్టం ఎవరి మీద పడుతోంది? ఆ ధరను మార్చిన నిర్ణయంలో వారికి చోటు ఉన్నదా? ఈ రెండు ప్రశ్నల వెలుగులో ఆ ప్రాంతపు రెండు శతాబ్దాల పత్తి, నేత చరిత్రను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

బయానా, బంట్రోతు: కంపెనీ కాలం

విజయనగర, బిజాపూరు, మొగలు, నిజాం పాలనలను చూసిన ఆదోని సీమ 1800లో దత్తమండలాలలో భాగంగా ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది. తరువాత చాలాకాలం బళ్ళారి జిల్లాలో ఉండి, 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు కర్నూలు జిల్లాలో చేరింది. 1800 నుండి 1807 వరకు దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా ఉన్నవాడు థామస్ మన్రో. ఆయన తర్వాత మద్రాసు గవర్నరై, 1827 జూలై 6న ఈ ప్రాంతంలోని పత్తికొండలోనే కలరాతో మరణించాడు.

మన్రో పేరు సాధారణంగా రైత్వారీ పద్ధతితోనే వినిపిస్తుంది. వాణిజ్య చరిత్రలో కూడా ఆయన సాక్ష్యం ముఖ్యమైనదే. 1813లో కంపెనీ చార్టరు పునరుద్ధరణ సందర్భంగా బ్రిటిష్ పార్లమెంటు కమిటీ ఎదుట ఆయన వాంగ్మూలం ఇచ్చాడు. భారతదేశంలో ఇంగ్లండు సరుకులకు గిరాకీ పెరుగుతుందా అన్న ప్రశ్నకు ఆయన సమాధానం నిరుత్సాహకరం. ఇక్కడి ప్రజల అవసరాలను ఇక్కడి చేతివృత్తులే చౌకగా, నాణ్యంగా తీరుస్తున్నాయని ఆయన చెప్పాడు. నాగరికతే రెండు దేశాల మధ్య వాణిజ్య వస్తువైతే, ఆ దిగుమతి వల్ల లాభపడేది ఇంగ్లండేనని కూడా అన్నాడు. బారామహల్‌లో కంపెనీ ఉద్యోగులు ముఖ్యమైన నేతగాళ్ళను ఒకచోట చేర్చి, కంపెనీకే బట్ట ఇస్తామని ఒప్పుకొనేదాకా కాపలా పెట్టారన్న సంగతినీ ఆయన దాచలేదు. బయానా పుచ్చుకొన్న నేతగాడు ఆ బాకీ నుండి బయటపడడం అరుదు. సరుకు ఆలస్యమైతే ఇంటి ముందు బంట్రోతు కూర్చొనేవాడు.

ఇందులోని నైతిక వైరుధ్యం గమనించదగినది. అప్పటికి భారతీయ వస్త్రాలు ప్రపంచ విపణిలో నిలిచినవే. అయితే సరుకుకు దేశాంతరాలలో విలువ ఉన్నంత మాత్రాన నేతగాడికి బేరమాడే స్వేచ్ఛ లేదు. కొనేవాడు, అప్పిచ్చేవాడు, పాలించేవాడు ఒక్కడే అయినప్పుడు ఒప్పందమన్న మాటకు అర్థం మిగలదు. 1813 చార్టరు చట్టం భారతదేశంతో వాణిజ్యంలో కంపెనీ గుత్తను చాలావరకు తొలగించింది. కాని దాని వెంట వచ్చిన స్వేచ్ఛ ఏకపక్షమైనది. ఇంగ్లండులో భారతీయ వస్త్రాలపై భారీ సుంకాలు కొనసాగుతుండగా, మిల్లు బట్ట, మిల్లు నూలు ఇక్కడికి స్వల్ప సుంకంతో దిగాయి.

రైలు, పత్తి, ధాత కరువు

ఈ సీమ రైతుకు పత్తి కొత్త పంట కాదు. కొర్రతో కలిపి పత్తి వేయడం ఇక్కడి మెట్ట సేద్యంలో పాత పద్ధతి. కొర్ర తిండికి, పత్తి శిస్తుకు. ఒకటి పోతే రెండోది నిలుస్తుందన్న ముందుచూపు ఆ సాళ్ళ అమరికలోనే ఉన్నది. శిస్తును రొక్కంగా చెల్లించవలసి రావడంతో అమ్ముడుపోయే పంటకు ప్రాముఖ్యం పెరిగింది.

అమెరికా పత్తి మీదే ఆధారపడడం ప్రమాదమని భావించిన మాంచెస్టరు మిల్లు యజమానులు 1857లో పత్తి సరఫరా సంఘం స్థాపించి భారతదేశం వైపు చూశారు. 1861–65 మధ్య అమెరికా అంతర్యుద్ధం దక్షిణ రాష్ట్రాల పత్తి ఎగుమతిని స్తంభింపజేయగా భారతీయ పత్తి ధర అమాంతం పెరిగింది. యుద్ధం ముగియగానే అంత వేగంగానూ పడిపోయింది. బళ్ళారి, ఆదోని రైతు చూడని దేశంలో, అతనికి సంబంధం లేని కారణానికి జరిగిన యుద్ధం అతని రాబడిని పెంచింది. దాని ముగింపు తగ్గించింది. ఆ తర్వాత ఈ ప్రాంతపు పత్తి వ్యాపారుల జాబితాలలో ‘వెస్టర్న్స్’ అన్న పేరుతో స్థిరపడింది. ఊరి పేరు, రైతు పేరు పోయి, దిక్కు పేరొక్కటే మిగిలింది.

ఆదోని మీదుగా సాగిన మద్రాసు రైలుమార్గం 1871లో రాయచూరు వద్ద బొంబాయి నుండి వచ్చే మార్గంతో కలిసింది. ఆదోని రెండు రేవులకు అందుబాటులోకి వచ్చింది. ఆ అందుబాటు అసలు పరీక్షకు నిలిచింది 1876–78 నాటి కరువులో. 1876–77 ధాతనామ సంవత్సరం కావడంతో తెలుగు ప్రజల జ్ఞాపకంలో అది ధాత కరువుగా నిలిచిపోయింది. వానలు లేక పంట పోయింది. కాని దేశంలో ధాన్యం లేకపోలేదు. మద్రాసు ప్రభుత్వం 1876 చివర రహస్యంగా 30 వేల టన్నుల ధాన్యం కొన్నప్పుడు, అది ప్రైవేటు వ్యాపారంలో జోక్యమని లిట్టన్ నాయకత్వంలోని కేంద్రప్రభుత్వం మందలించింది. కేంద్ర ప్రతినిధిగా వచ్చిన రిచర్డ్ టెంపుల్ కరువుపనుల్లో కూలీల గింజల పరిమాణాన్ని రోజుకు ఒక పౌనుకు తగ్గించాడు. మద్రాసు ఆరోగ్య కమిషనరు కార్నిష్ దానిని గట్టిగా వ్యతిరేకించాడు. అదే కాలంలో భారతదేశం నుండి ఇంగ్లండుకు గోధుమ ఎగుమతి ఆగలేదు.

రైలు వల్ల ధాన్యం కరువు ప్రాంతానికి చేరిందన్నది నిజం. రైలు లేకుంటే మరణాలు ఇంకా పెరిగేవన్న వాదనలోనూ బలమున్నది. అయితే రైలు ధాన్యాన్ని స్టేషను దాకానే తెచ్చింది. పశువులు చచ్చిపోగా అక్కడి నుండి లోపలి గ్రామాలకు బండ్లు కదలలేదు. ఉన్న ధాన్యం కొనగలవాడిదైంది. ఎడ్లు లేని రైతు, నేసిన బట్టకు కొనుగోలుదారు దొరకని నేతగాడు ఆ విపణిలో లెక్కకు రాలేదు. 1871, 1881 జనాభా లెక్కల మధ్య బళ్ళారి జిల్లా జనాభా సుమారు ఐదోవంతు, కర్నూలు జిల్లా జనాభా సుమారు నాలుగోవంతు తగ్గాయి. వ్యాపార స్వేచ్ఛను కాపాడడం ప్రాణాన్ని కాపాడడం కంటె పై ధర్మంగా నిలిచినప్పటి ఫలితం ఈ అంకెలలో ఉన్నది.

సీమనూలు, సుంకాలు

తెలుగులో ‘సీమ’ శబ్దానికి పొలిమేర, ప్రాంతం అన్న అర్థాలున్నాయి. ఆంగ్లేయుల కాలంలో అదే మాట విదేశానికి, ముఖ్యంగా ఇంగ్లండుకు పేరైంది. సీమదొర, సీమసున్నం, సీమనూలు, సీమగుడ్డ అన్న సమాసాలు ఇందుకు నిదర్శనం. దత్తమండలాలకు ‘రాయలసీమ’ అన్న పేరు 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు సూచన మేరకు వచ్చింది. అప్పటికి ఈ సీమ మగ్గాల మీద సీమనూలు ఎక్కి చాలాకాలమైంది. మన నేల, పరదేశం రెండూ ఒకే మాటలో ఒదిగాయి.

సీమనూలు నేతగాడికి శత్రువా, మిత్రమా అన్న ప్రశ్నకు ఒక్కమాటలో సమాధానం లేదు. నూలు వడికి బతికిన స్త్రీలకు అది జీవనాధారాన్ని పోగొట్టింది. వారి నష్టం ఏ లెక్కలోనూ నమోదు కాలేదు. చీరలు నేసేవారికి మాత్రం అది చౌకగా, నునుపుగా దొరికిన ముడిసరుకు. లాంకషైర్ ఒత్తిడికి లోబడి 1882లో దిగుమతి సుంకాలను ఎత్తివేసిన ప్రభుత్వం, 1894లో మళ్ళీ విధించి, వెనువెంటనే స్వదేశీ మిల్లులపైనా ఎక్సైజు సుంకం వేసింది. 1896 సవరణతో బట్టపై సుంకం మూడున్నర శాతమైంది. నూలు సుంకం నుండి తప్పించుకొన్నది. లాంకషైర్ మేలుకోసం చేసిన ఏర్పాటు అనుకోకుండా చేనేతకు కొంత ఊపిరినిచ్చింది. 1922లో దిగుమతి నూలుపై ఐదు శాతం సుంకం పడింది. అది స్వదేశీ మిల్లులకు రక్షణ. మగ్గానికి అదనపు భారం. ఎల్ల తెరిచినప్పుడు వడికేవారు నష్టపోయారు; మూసినప్పుడు నేసేవారు నష్టపోయారు. రెండు నిర్ణయాలలోనూ వారిని అడిగినవారు లేరు.

ఈ సందర్భంలో 1931లో గాంధీజీ లాంకషైర్ పర్యటన ప్రస్తావనార్హం. విదేశీ వస్త్ర బహిష్కరణ వల్ల పని కోల్పోయిన మిల్లు కార్మికుల మధ్యకే వెళ్ళి, వారి కష్టాన్ని అంగీకరిస్తూనే భారతదేశపు దారిద్ర్యం ఇంకెంత లోతైనదో ఆయన వివరించాడు. తన నిర్ణయం వల్ల నష్టపడినవారికి ముఖాముఖి జవాబు చెప్పడం వాణిజ్య నీతిలో అరుదైన ఘట్టం. సుంకాలను నిర్ణయించిన ఏ అధికారీ ఎమ్మిగనూరు మగ్గం గుంట దగ్గరకు వచ్చి ఆ పని చేయలేదు.

ఎమ్మిగనూరు సహకార ప్రయోగం

ఆర్థికమాంద్యం అనంతరం మద్రాసు రాష్ట్రంలో 1935లో చేనేత సహకార కేంద్రసంఘం ఏర్పడింది. 1938లో మాచాని సోమప్ప ఎమ్మిగనూరులో నేతగాళ్ళ సహకార సంఘాన్ని స్థాపించారు. ఈ సేవకు గుర్తింపుగా 1954లో ఆయనకు పద్మశ్రీ లభించింది.

సహకార సంఘం ప్రాముఖ్యం దాని పని తీరులో ఉన్నది. షావుకారు దగ్గర నూలు అప్పు తెచ్చుకొని, అతనికే బట్ట అమ్మే నేతగాడు నూలు ధర పెరిగినా, బట్ట ధర తగ్గినా తానే నష్టపోతాడు. సంఘంలో నూలును సంఘమే కొని సభ్యుడికి ఇస్తుంది. అతను నేసిన బట్టను తీసుకొని మజూరీ చెల్లిస్తుంది. అమ్మకపు బాధ్యత వహిస్తుంది. అంటే ధరల ఆటుపోట్లు ఒక్క కుటుంబం మీద గాక సమష్టి మీద పడతాయి. 1943లో యుద్ధకాలపు నియంత్రణ ఉత్తర్వులు నూలు పంపిణీని అదుపులోకి తెచ్చినప్పుడు ఇలాంటి సంఘాల అవసరం మరింత స్పష్టమైంది. కంపెనీ బయానాకు ఇది సరిగ్గా ఎదురు రూపం. అక్కడా ముడిసరుకుకు ముందే డబ్బు అందింది, ఇక్కడా నూలు ముందే అందింది. తేడా అంతా ఆ పెట్టుబడి ఎవరిదన్న చోట ఉన్నది.

అయితే సంఘం బలం ఊరి పొలిమేర దగ్గర ఆగుతుంది. చేనేతకు కావలసిన చిలపల నూలును మిల్లులు తమ ఉత్పత్తిలో కొంత శాతం తప్పక తయారుచేయాలన్న నిబంధన ఉన్నది. ఆ వాటా యాభై శాతం నుండి 2003లో నలభైకి, 2019లో ముప్పైకి తగ్గింది. మరమగ్గాల పోటీ, నూలు ధరల పెరుగుదల సంఘం చేతిలో లేనివి.

ప్రపంచ వాణిజ్య సంస్థ కాలంలో

1995లో ప్రపంచ వాణిజ్య సంస్థ ఏర్పడింది. ధనిక దేశాలు జౌళి దిగుమతులపై పెట్టిన కోటాలు 2005 జనవరి 1న ముగిశాయి. నియమాలు అందరికీ ఒకటే అన్న మాట పత్తి దగ్గర నిలవలేదు. అమెరికా తన పత్తి రైతులకు ఇచ్చిన సబ్సిడీలు ప్రపంచ ధరను అణచివేస్తున్నాయని బ్రెజిల్ 2002లో ఫిర్యాదు చేసి గెలిచింది. బెనిన్, బుర్కినాఫాసో, చాద్, మాలి దేశాలు 2003లో కాన్‌కూన్ సమావేశంలో ఇదే అన్యాయాన్ని లేవనెత్తాయి. చివరకు 2014లో అమెరికా బ్రెజిల్‌కు 30 కోట్ల డాలర్లు చెల్లించి వివాదాన్ని ముగించింది. వ్యాజ్యం నడపగల దేశానికి పరిహారం దక్కింది. అదే ధరకు పత్తి అమ్ముకొన్న పశ్చిమాఫ్రికా రైతుకు గాని, ఆదోని యార్డుకు బండి తోలిన రైతుకు గాని ఆ తీర్పులో భాగం లేదు.

స్వదేశీ విధానాలలోనూ ఇదే చిక్కు కనిపిస్తుంది. 2012 మార్చిలో కేంద్రం పత్తి ఎగుమతిని నిషేధించి, రైతుల నిరసనతో కొద్ది రోజులకే వెనక్కి తీసుకొన్నది. ఎగుమతి సాగితే రైతుకు ధర. ఆగితే మగ్గానికి నూలు చౌక. 2025 ఆగస్టులో అమెరికా భారతీయ సరుకులపై సుంకాన్ని యాభై శాతానికి పెంచినప్పుడు, జౌళి ఎగుమతిదారులకు ఊరటగా పత్తిపై ఉన్న 11 శాతం దిగుమతి సుంకాన్ని కేంద్రం ఆగస్టు 19 నుండి తొలగించి, ఆ మినహాయింపును ఏడాది చివరి వరకు పొడిగించింది. కొత్త పంట మార్కెట్టుకు వచ్చే నెలలవే. వాషింగ్టన్‌లో పెరిగిన సుంకానికి ఢిల్లీలో కనుగొన్న ఉపశమనం భారం ఇంకా పొలంలో ఉన్న పత్తి మీదకు జరిగింది. 2025–26కు పొడుగు పింజ పత్తికి క్వింటాలుకు 8,110 రూపాయల మద్దతు ధర ప్రకటించినా, భారత పత్తి సంస్థ కొనుగోలు కేంద్రం దాకా చేరగలిగినవాడికే అది నిజమైన ధర అయింది.

ముగింపు

ఆదోని, ఎమ్మిగనూరుల ప్రయోజనాలు ఎప్పుడూ ఒకటి కావు. పత్తి ధర పెరగడం ఒక ఊరికి పండుగ, మరో ఊరికి బరువు. కాబట్టి వాణిజ్యాన్ని తెరవడమో, మూయడమో ఒక్కటే న్యాయమని చెప్పడం ఈ రెండు ఊళ్ళలో ఒకదానిని మరచిపోవడమే. మన్రో వర్ణించిన బంట్రోతు కాపలా, ధాత కరువునాటి స్వేచ్ఛావాణిజ్య సూత్రం, 1922 నాటి రక్షణ సుంకం, 2025 నాటి సుంకం మినహాయింపు పరస్పర విరుద్ధమైన విధానాలు. అయినా వాటన్నిటిలో ఒక లక్షణం సమానం: నష్టం పడినవాడు నిర్ణయానికి దూరంగా ఉన్నాడు. ఇందుకు భిన్నంగా నిలిచింది ఎమ్మిగనూరు సహకార సంఘం. అది ప్రపంచ విపణిని నిరాకరించలేదు. దాని దెబ్బను పంచుకొనే పద్ధతిని మార్చింది. పత్తి పండించేవాడిని, నూలు కొనేవాడిని ఒకే లెక్కలో నిలిపే ఏర్పాటు ఈ ముప్పై కిలోమీటర్ల దారిలో ఇప్పటికీ లోటుగానే ఉన్నది. ప్రపంచ వాణిజ్య నీతిని గూర్చిన ఏ చర్చ అయినా ఆ లోటును తీర్చే దిశగా ఎంతదూరం వెళ్ళిందన్నదానిని బట్టే విలువ పొందుతుంది.