చట్టసభల వాకిట ఉన్నత విద్య: మన సీమ అనుభవం

ప్లాటినం జూబిలీ సంచికకు పాఠశాల చరిత్ర వ్రాయవలసిందిగా సంపాదక వర్గంవారు నన్ను కోరారు. ఆ చరిత్రను నాకంటె బాగుగా వ్రాయగల పెద్దలు, పూర్వ విద్యార్థులు ఈ తిరుమణిలోనే ఉన్నారు. పదవ తరగతి ముగించి ఈ గడప దాటిన పిల్లలు ఆ తరువాత ఎక్కడికి పోయారు, ఎందుకు అక్కడికే పోయారు అన్న ప్రశ్న నన్ను చాలాకాలంగా వెంటాడుతున్నది. దానికి సమాధానం మన ఊరి సరిహద్దుల్లో కొంత, శాసనసభల చరిత్రలో ఎక్కువగా దొరుకుతుంది. అందుచేత ఆ చరిత్రనే వ్రాస్తున్నాను.

మన పావగడ తాలూకా కర్ణాటకలోనిది, మాట తెలుగు. మూడు వైపులా అనంతపురం సీమ. జిల్లా కేంద్రమైన తుమకూరు సుమారు వంద కిలోమీటర్ల దూరం. బ్రిటిషువారి కాలంలో ఇది మైసూరు సంస్థానపు నేల; చుట్టూ ఉన్నది మద్రాసు రాజధానికి చెందిన దత్తమండలం. కనుక ఇక్కడివారి విన్నపాలు ఒక ప్రభుత్వానికి, బంధుత్వాలు మరొక ప్రభుత్వపు నేలకు చెంది ఉండేవి. విచిత్రమేమంటే 1916వ సంవత్సరంలో రెండు వైపులా రెండు విద్యా దీపాలు వెలిగాయి. ఆ ఏడు జూలై 27న మైసూరు విశ్వవిద్యాలయం ఏర్పడింది. అదే ఏడు అనంతపురంలో దత్తమండల కళాశాల ఆరంభమైంది. నేటి ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాల అదే. రాష్ట్రపతి అయిన నీలం సంజీవరెడ్డి గారు అక్కడ చదివినవారే.

మైసూరులో విశ్వవిద్యాలయం ఎలా వచ్చిందో చూద్దాం. 1881లో దివాను రంగాచార్లు గారు ప్రజాప్రతినిధి సభను నెలకొల్పారు. మొదటి సమావేశానికి 144 మంది వచ్చారు. తాలూకాల నుంచి రైతులు, వర్తకులు దసరా రోజులలో మైసూరుకు పోయి, దివాను ఎదుట తమ ప్రాంతపు కష్టసుఖాలు చెప్పుకొనేవారు. చట్టం చేసే అధికారం ఆ సభకు లేదు. అడిగే అధికారం మాత్రం ఉండేది. 1907లో శాసనమండలి వచ్చింది. 1911లో ఏర్పడిన మైసూరు ఆర్థిక సమ్మేళనంలో విద్యకు ప్రత్యేక సంఘమే ఉండేది. అప్పటివరకు బెంగళూరు సెంట్రల్ కళాశాల, మైసూరు మహారాజా కళాశాల రెండూ మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధంగా నడిచేవి. పరీక్ష పెట్టేది పరాయి ప్రభుత్వపు విశ్వవిద్యాలయం. నాల్వడి కృష్ణరాజ ఒడెయరు పాలనలో, విశ్వేశ్వరయ్య గారు దివానుగా ఉండగా ఆ పరాధీనత తొలగింది. ఒక స్వదేశీ సంస్థానంలో స్థాపితమైన మొదటి విశ్వవిద్యాలయం అదే.

ఈ కథలో ఒక తెలుగువాడున్నాడు. చిత్తూరు దగ్గరి కట్టమంచి గ్రామంలో 1880లో పుట్టిన రామలింగారెడ్డి గారు. మనకు ఆయన ‘ముసలమ్మ మరణము’ వ్రాసిన కవిగానే పరిచయం; అనంతపురం పక్కనున్న బుక్కరాయసముద్రం చెరువు కథ అది. కేంబ్రిడ్జిలో చదివి వచ్చి మైసూరు మహారాజా కళాశాలలో ఆచార్యుడైన రెడ్డి గారు, సంస్థానం పంపగా విదేశీ విశ్వవిద్యాలయాలను పరిశీలించి వచ్చారు. మైసూరు విశ్వవిద్యాలయ రూపకల్పనలో ఆ పరిశీలన అక్కరకు వచ్చింది. తరువాత ఆయన మైసూరు విద్యాశాఖకు ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా ఉన్నారు. ఆ ఉద్యోగం వదలి మద్రాసు శాసనమండలిలో సభ్యుడై, 1923లో పానగల్లు రాజా మంత్రివర్గంపై అవిశ్వాస తీర్మానం ప్రతిపాదించిందీ ఆయనే. ఉద్యోగిగా నివేదిక వ్రాయడం, సభ్యుడుగా సభలో నిలిచి వాదించడం రెండూ తెలిసిన మనిషి. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి ఉపాధ్యక్షుడయ్యారు.

మైసూరులో దివాను తలచుకుంటే పని సగం అయ్యేది. మద్రాసులో అలా కాదు. తెలుగు జిల్లాలకు వేరొక విశ్వవిద్యాలయం కావాలన్న కోరిక సభల తీర్మానాలుగా, పత్రికల వ్యాసాలుగా, సభ్యుల ప్రసంగాలుగా నలిగి నలిగి, విద్యామంత్రి ఎ.పి. పాత్రో గారి చేతిమీదుగా బిల్లయి, 1926లో అమలులోకి వచ్చింది. చట్టం వచ్చిన తరువాతనే అసలు గొడవ మొదలైంది. ప్రధాన స్థానం ఎక్కడ? బెజవాడ అన్నారు, రాజమహేంద్రవరం అన్నారు, విశాఖపట్నం అన్నారు, అనంతపురమూ అన్నారు. చివరకు 1930లో వాల్తేరు స్థిరమైంది. ఈలోగా దత్తమండలంవారు అలిగి మళ్లీ మద్రాసు విశ్వవిద్యాలయం నీడకు పోయారు. కోస్తావారి పెత్తనం క్రింద మనకు మిగిలేదేమీ ఉండదన్నది వారి భయం. ఆ భయం నిరాధారమని నేను అనను. కాని అలిగి లేచిపోయినవాడి విస్తరిలో ఎవరూ వడ్డించరు కదా. నా అభిప్రాయంలో ఆనాటి మన సీమ ప్రతినిధులు లోపలే ఉండి అడగవలసింది.

ఆ సంగతి వారికీ తెలిసివచ్చిందనడానికి నిదర్శనం 1937 నవంబరు 16 నాటి శ్రీబాగ్ ఒడంబడిక. మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారి గృహంలో కోస్తా, రాయలసీమ నాయకులు కూర్చుని వ్రాసుకొన్న పత్రం అది. కడప కోటిరెడ్డి గారు, కొండా వెంకటప్పయ్య గారు, పట్టాభి సీతారామయ్య గారు, మన పొరుగున హిందూపురం దగ్గరి కల్లూరు గ్రామానికి చెందిన కల్లూరు సుబ్బారావు గారు అందులో ఉన్నారు. రాజధాని, హైకోర్టు, నీటి వాటాలు అందరికీ గుర్తున్నాయి. అందరూ మరచినది మరొకటుంది: ఆంధ్ర విశ్వవిద్యాలయం క్రింద వాల్తేరులో ఒకటి, అనంతపురంలో ఒకటి, రెండు కేంద్రాలను అభివృద్ధి చేయాలన్న మాట. నీళ్లతో సమానంగా చదువును ఆ పత్రంలో చేర్చిన పెద్దల దూరదృష్టికి చేతులు జోడించాలి.

మాట పత్రంలో ఉన్నంత మాత్రాన పని జరగదు. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. 1954లో ప్రకాశం గారు ముఖ్యమంత్రిగా ఉండగా రాయలసీమకు శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చింది, తిరుపతిలో. అనంతపురానికి 1968లో దాని స్నాతకోత్తర కేంద్రం, 1981లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం. శ్రీబాగ్‌లో అడిగిన నాటి నుంచి నలభై నాలుగేళ్లు! ఇటు మన జిల్లాకు, బెంగళూరు విశ్వవిద్యాలయం నుంచి విడివడి, తుమకూరు విశ్వవిద్యాలయం 2004లో వచ్చింది.

ఇక్కడ మన పిల్లల చిక్కు మొదలవుతుంది. అనంతపురం, హిందూపురం భాషకు దగ్గర, బంధువుల ఇళ్లకు దగ్గర. అయితే ఆంధ్రప్రదేశ్‌లో కళాశాల ప్రవేశాలకు 1974లో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. నూటికి 85 స్థానాలు స్థానికులకు. కర్ణాటకలో చదివిన పావగడ పిల్ల అక్కడ స్థానికురాలు కాదు. తుమకూరులో స్థానికురాలే, కాని తెలుగులో చదివినందుకు కన్నడంలోనో ఇంగ్లీషులోనో మళ్లీ మొదటి నుంచి నడవాలి. విశ్వవిద్యాలయాల స్థాపన రాజ్యాంగం ప్రకారం రాష్ట్రాల పని. కనుక మనం అడగవలసిన చోటు బెంగళూరే.

ఆ అడగడం గురించి నా అనుభవం ఒకటి చెప్పాలి, అది నాకు గర్వకారణం కాకపోయినా. కొన్ని సంవత్సరాల క్రితం తల్లిదండ్రులతో కలిసి ఒక ప్రజాప్రతినిధికి విజ్ఞాపన పత్రం సమర్పించాం. పావగడ కళాశాలకు పోయే మన వైపు ఆడపిల్లలకు వసతి, బస్సు వేళ – ఇవీ కోరికలు. పత్రం తెలుగులో నేనే వ్రాశాను. ‘సరస్వతీ నిలయం’, ‘జ్ఞానజ్యోతి’ వంటి మాటలకు లోటు చేయలేదు. ఆయన ఓపికగా చదివించుకొని, “అమ్మా, ఏటా ఎంతమంది ఆడపిల్లలు పదితో ఆపేస్తున్నారు?” అని అడిగారు. నేను ఇరవై ఏళ్లు పాఠం చెప్పినదాన్ని, సంఖ్య చెప్పలేకపోయాను. “సభలో ప్రశ్న వేయాలంటే నాకు అంకె కావాలి, అదీ కన్నడంలో కావాలి” అన్నారు. మేము మౌనంగా వెనుదిరిగాం. తప్పు ఆయనది కాదు.

ఆ తరువాత నేను కొన్ని తెలుసుకున్నాను. నియోజకవర్గ శాసనసభ్యుడు ఒక్కరే మన ప్రతినిధి కారు. రాజ్యాంగం 171వ అధికరణం ప్రకారం విధాన పరిషత్తులో ఉపాధ్యాయులకు, పట్టభద్రులకు వేరువేరుగా పన్నెండవ వంతు స్థానాలున్నాయి. 75 మంది సభ్యులున్న కర్ణాటక పరిషత్తులో చెరి ఏడు. మన తుమకూరు జిల్లా ఆగ్నేయ నియోజకవర్గాలలో ఉంది. ఉన్నత పాఠశాలలో మూడేళ్లు పనిచేసిన ఉపాధ్యాయుడు, పట్టం పొంది మూడేళ్లయిన పూర్వ విద్యార్థి పేరు నమోదు చేయించుకుంటే ఓటరు. (ఆంధ్రలో 1985లో పరిషత్తునే తీసివేశారు, తిరిగి 2007లో వచ్చింది.) విద్య గురించి అడగడానికే ఉన్న ఈ తలుపును మనలో ఎంతమంది తట్టారు? ఎన్నికల నాడు తప్ప నేనూ తట్టలేదు. ప్రశ్నకు మంత్రి సభలో సమాధానం చెప్పి తీరాలి, అది అచ్చులో నిలుస్తుంది. బడ్జెటుకు ముందు అందిన పత్రానికీ తరువాత అందినదానికీ ఉన్న భేదం కూడా అప్పుడే తెలిసింది.

తిరుమణి పేరు ఇప్పుడు దూరదేశాలకు తెలుసు. మన ఊరితో కలిపి ఐదు గ్రామాల పరిధిలో, పదమూడు వేల ఎకరాలలో, 2,050 మెగావాట్ల సౌర విద్యుత్ కేంద్రం నిలిచింది, 2018లో ఆరంభమైంది. వానలు లేని భూములు కౌలుకు పోయాయి. కౌలు వస్తున్నది, మంచిదే. కాని నాగలి పట్టే పని తగ్గిన ఇంట పిల్లలకు చదువు తప్ప వేరే పొలం లేదు.

అందుకే కార్యాలయంలో ఒక పుస్తకం తెరిచాను. పదవ తరగతి ముగించిన ప్రతి విద్యార్థి పేరు, తరువాత చేరిన కళాశాల, మానివేస్తే కారణం, ఊరి నుంచి దూరం వ్రాస్తున్నాం. మా కన్నడ ఉపాధ్యాయులు దానిని కన్నడంలోకి మారుస్తున్నారు. ఈసారి విజ్ఞాపన పత్రానికి ముందు పుట అదే. పాత సంవత్సరాల వరుసలలో ఖాళీలు చాలా ఉన్నాయి. ఉత్సవానికి వచ్చే పూర్వ విద్యార్థులు తమ వివరాలను, తమతో చదివి మధ్యలో ఆగిపోయినవారి వివరాలను కూడా, ఆ పుస్తకంలో వ్రాసి వెళ్లవలసిందిగా కోరుతున్నాను. పుస్తకం నా బల్ల మీదనే ఉంటుంది.