వ్యక్తిత్వ వర్గీకరణ – వృత్తి నియోగం : చారిత్రక పరిశీలన

ఏ మనిషి ఏ పనికి తగినవాడన్న ప్రశ్న పాలనావ్యవస్థ అంత పాతది. రాజు మంత్రిని ఎన్నుకున్నా, సంస్థ ఉద్యోగిని నియమించుకున్నా, ఎదుటివాని స్వభావాన్ని ముందుగా అంచనా వేయవలసి వస్తుంది. మనుషులు అనేకులు, ఎన్నుకోవడానికి ఉండే వ్యవధి పరిమితం. అందువల్ల స్వభావాలను కొన్ని తెగలుగా విభజించి, ఆ తెగను బట్టి పనిని అప్పగించే ప్రయత్నం అన్ని నాగరికతలలోనూ కనిపిస్తుంది. ఈ వర్గీకరణ కొందరికి అవకాశాన్నిస్తుంది, కొందరికి తలుపు మూస్తుంది. కాబట్టి దాని ప్రామాణికతను పరిశీలించడం అవసరం. ప్రాచీన భారతీయ శాస్త్రాలు, తెలుగు సాహిత్యం, ఆధునిక మనోవిజ్ఞానం వ్యక్తిత్వానికీ వృత్తి నిర్వహణకూ మధ్య గల సంబంధాన్ని ఎలా భావించాయో వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

ప్రకృతి, స్వభావం : ప్రాచీన వర్గీకరణలు

గ్రీకు వైద్యం శరీరంలో రక్తం, శ్లేష్మం, పసుపు పిత్తం, నల్ల పిత్తం అనే నాలుగు ద్రవాలను గుర్తించింది. క్రీ.శ. 2వ శతాబ్దికి చెందిన గాలెన్ ద్వారా ప్రచారం పొందిన ఈ సిద్ధాంతం ఆధారంగా, ఉల్లాసి, నిదానస్తుడు, కోపిష్ఠి, విషాది అనే నాలుగు స్వభావాల విభజన ఐరోపాలో శతాబ్దాల పాటు నిలిచింది. ఆయుర్వేదం వాత, పిత్త, కఫాల ప్రాధాన్యాన్ని బట్టి మానవ ప్రకృతిని నిరూపించింది. చరకసంహిత విమానస్థానం విడివిడి దోషాల ప్రాబల్యం వల్ల మూడు, రెండేసి దోషాల కలయిక వల్ల మూడు, సమస్థితి వల్ల ఒకటి, వెరసి ఏడు ప్రకృతులను చెబుతుంది. శారీరస్థానం మనస్సును సాత్త్విక, రాజస, తామస భేదాలతో పదహారు విధాలుగా విభజించింది.

ఇక్కడ ఒక అంశం గమనార్హం. చరకుడు రోగిని పది విధాలుగా పరీక్షించమన్నాడు. ప్రకృతి అందులో ఒకటి మాత్రమే. వికృతి, సారం, సాత్మ్యం, సత్త్వం, ఆహారశక్తి, వ్యాయామశక్తి, వయస్సు మొదలైనవి కూడ చూసిన తరువాతనే వైద్యుడు బలాబలాలను నిర్ణయించాలి. అంటే ప్రకృతి నిర్ణయానికి ఆరంభమే గాని నిర్ణయం కాదు.

భగవద్గీత పదునెనిమిదవ అధ్యాయం పని చేసే వ్యక్తిని నేరుగా వర్గీకరించింది. ఫలాసక్తి లేక ధైర్యోత్సాహాలతో, జయాపజయాలకు చలించక పని చేసేవాడు సాత్త్విక కర్త. ఫలాన్ని కోరి, హర్షశోకాలకు లోనై చేసేవాడు రాజసుడు. అలసత్వంతో నేటి పనిని రేపటికి నెట్టేవాడు తామసుడు. ఈ విభజనకు ఆధారం వ్యక్తి చేసే పని కాదు, పని చేసే తీరు. ఏ వృత్తిలోనైనా ముగ్గురు కర్తలూ ఉండవచ్చు. అయితే అదే అధ్యాయం స్వభావజనితమైన గుణాలను బట్టి వర్ణకర్మలను కూడ విభజించింది. సాంఘికాచరణలో గుణం అన్న మాట క్రమంగా జన్మకు పర్యాయమైంది. స్వభావాన్ని పరిశీలించి పనిని నిర్ణయించడానికి బదులు, పుట్టుకను చూసి స్వభావాన్ని ఊహించడం మొదలైంది. వర్గీకరణ ఎంత సులభంగా విధిగా మారగలదో చెప్పడానికి ఇంతకు మించిన నిదర్శనం లేదు.

కౌటిల్యుని నియోగ విధానం

1909లో ఆర్. శామశాస్త్రి మైసూరులో ప్రచురించిన కౌటిలీయ అర్థశాస్త్రం ఉద్యోగుల ఎంపికపై ప్రాచీన భారతీయుల ఆలోచనను విపులంగా వెల్లడించింది. ప్రథమాధికరణంలోని అమాత్యోత్పత్తి ప్రకరణం ఒక వాదప్రతివాద రూపంలో నడుస్తుంది. సహాధ్యాయులను అమాత్యులుగా నియమించుకోవాలని భారద్వాజుని మతం. వారి శుచిత్వం, సామర్థ్యం రాజుకు ముందే తెలుసు. కలిసి ఆడుకున్నవారు రాజును లెక్కచేయరని విశాలాక్షుడు దానిని ఖండించాడు. ప్రాణాపాయంలో ఆదుకున్నవారిని నియమించమని పరాశరుడంటే, అది భక్తి అవుతుంది గాని బుద్ధిగుణం కాదని పిశునుడు ఆక్షేపించాడు. నిర్దేశించిన ఆదాయాన్ని, అంతకు మించిన ఆదాయాన్ని తెచ్చినవారిని తీసుకోవాలని అతని పక్షం. వంశపారంపర్యంగా వచ్చినవారు మేలని కౌణపదంతుడు, నీతిశాస్త్రం తెలిసిన కొత్తవారు మేలని వాతవ్యాధి వాదించారు. శాస్త్రం మాత్రమే తెలిసి పని ఎరుగనివాడు కార్యాలలో విషాదం పొందుతాడని బాహుదంతీపుత్రుడు హెచ్చరించాడు.

ఈ పక్షాలన్నీ తమ తమ పరిధిలో యుక్తమైనవేనని కౌటిల్యుడు అంగీకరించాడు. మనిషి సామర్థ్యాన్ని అతడు చేయగల పనిని బట్టి నిర్ణయించాలన్నది అతని సిద్ధాంతం. పరిచయం, భక్తి, వంశం, విద్య అన్నీ ఊహకు ఆధారాలు. పని ఒక్కటే నిరూపణ. తరువాతి ప్రకరణంలో ఏ గుణాన్ని ఎక్కడ గమనించాలో కూడ వివరించాడు. శాస్త్రజ్ఞానాన్ని సమానవిద్యులైనవారి ద్వారా, ప్రజ్ఞను పనుల ఆరంభంలో, వాక్పటుత్వాన్ని సంభాషణలో, ఉత్సాహాన్నీ క్లేశసహనాన్నీ ఆపదలో, శీలాన్ని కలిసి నివసించేవారి వల్ల తెలుసుకోవాలి. గుణం ఒకటే అయినా దానిని కనుగొనే సందర్భం వేరు. ఆపద రానిదే సహనం తెలియదు. ఈ సూక్ష్మదృష్టి అర్థశాస్త్రానికి ప్రత్యేకత.

ఉపధాప్రకరణం ఈ దృష్టిని మరింత ముందుకు తీసుకుపోయింది. ధర్మం, అర్థం, కామం, భయం అనే నాలుగు మార్గాలలో అమాత్యులను రహస్యంగా ప్రలోభపెట్టి పరీక్షించే పద్ధతి ఇది. పదవి నుండి తొలగించినట్లు నటింపబడిన పురోహితుడు ధర్మం పేరుతో, సేనాపతి ధనం పేరుతో వారిని రాజుపైకి ప్రేరేపిస్తారు. ధర్మపరీక్షలో నిలిచినవారికి న్యాయవిచారణ, కంటకశోధన పదవులు, అర్థపరీక్షలో నిలిచినవారికి సమాహర్త, సన్నిధాతల కార్యాలు, కామపరీక్షలో నిలిచినవారికి విహారస్థలాల రక్షణ, భయపరీక్షలో నిలిచినవారికి రాజసమీపంలోని పనులు విహితాలు. నాలుగింటా నిలిచినవారు మంత్రులు. అన్నింటా తప్పినవారిని గనులలో, వనాలలో, కర్మాగారాలలో నియోగించాలి. ప్రతి పదవికీ దానికే ప్రత్యేకమైన ప్రలోభం ఉంటుంది. ఆ ప్రలోభానికి లొంగనివాడే ఆ పదవికి అర్హుడు. ధనానికి లొంగనివాడు భయానికి లొంగవచ్చు. అందుచేత మనిషిని మొత్తంగా మంచివాడనో చెడ్డవాడనో నిర్ణయించకుండా, పదవి కోరే గుణాన్ని మాత్రమే పరీక్షించారు.

ఈ విధానం పూర్వాచార్యులది. కౌటిల్యుడు దీనికి ఒక మినహాయింపు చేర్చాడు. పరీక్షకు రాజును గాని రాణిని గాని లక్ష్యంగా చేయరాదు. నిర్మలమైన నీటిలో విషం కలిపినట్లు, చెడని మనస్సును పరీక్షే చెడగొట్టవచ్చు. చెడిన తరువాత దానికి మందు దొరకకపోవచ్చు. మనిషిని కొలిచే సాధనం మనిషిని మార్చగలదన్న ఈ ఎరుక అర్థశాస్త్రానికి విశేష గౌరవాన్ని చేకూర్చే అంశం.

ద్వితీయాధికరణంలో మరొక ముఖ్యాంశం ఉంది. నియమితులైన ఉద్యోగులను నిత్యం పరీక్షిస్తూ ఉండాలి. మానవచిత్తం నిలకడ లేనిదని, గుర్రం వలె మనిషి కూడ పనిలో నియోగింపబడగానే మారిపోతాడని దానికి కారణం చెప్పాడు. లాయంలో శాంతంగా ఉన్న గుర్రం రథానికి కట్టిన తరువాత ఎలా నడుస్తుందో ముందుగా తెలియదు. ఎంపికలో తెలిసిన స్వభావం పదవిలో అలాగే ఉంటుందన్న విశ్వాసాన్ని కౌటిల్యుడు అంగీకరించలేదని దీనివల్ల స్పష్టమవుతుంది.

తెలుగు సాహిత్యంలో స్వభావం, వృత్తి

తెలుగు కవులలో రాజకార్య నిర్వహణను దగ్గరగా ఎరిగినవాడు తిక్కన. నెల్లూరు మనుమసిద్ధి కొలువులో మంత్రి అయిన ఆయన రచించిన విరాటపర్వం స్వభావానికీ వృత్తికీ మధ్య ఘర్షణను చిత్రించిన కావ్యంగా కూడ పరిశీలింపదగినది. అజ్ఞాతవాసంలో ధర్మరాజు కంకుభట్టుగా, భీముడు వలలుడుగా, అర్జునుడు బృహన్నలగా, నకులుడు దామగ్రంథిగా, సహదేవుడు తంత్రీపాలుడుగా, ద్రౌపది మాలినిగా విరాటుని కొలువులో చేరారు. వారు వృత్తులను స్వభావాన్ని బట్టి ఎంచుకోలేదు, నేర్పును బట్టి ఎంచుకున్నారు. వంట, నాట్యం, అశ్వశిక్ష, గోరక్షణ వారికి తెలిసిన విద్యలు. అయితే వృత్తికి నేర్పు చాలినా, దానిలో నిలవడానికి స్వభావాన్ని అదుపు చేసుకోవలసి వచ్చింది.

కీచకుడు ద్రౌపదిని సభలో అవమానించినప్పుడు భీముని చూపు ఎదుటి చెట్టుపై నిలిచింది. వంటచెరకు కోసం ఆ చెట్టు జోలికి పోవద్దన్న అర్థంలో ధర్మరాజు అతనిని వారించాడు. వంటవాని వృత్తికి సంబంధించిన మాటతోనే భీముని క్రోధాన్ని ఆపడం తిక్కన నాటకీయ శిల్పానికి ప్రసిద్ధమైన ఉదాహరణ. వ్యక్తిత్వ దృష్టితో చూస్తే, భీముని స్వభావం ఇక్కడ మారలేదు, ప్రవర్తన మారింది. దానికి కారణం సందర్భం, అన్న మాట, ప్రతిజ్ఞాకాలం. అదే స్వభావం తరువాత నర్తనశాలలో అడ్డు లేక వెలువడింది. స్వభావం నుండి ప్రవర్తనను నేరుగా ఊహించలేమని ఈ ఘట్టం సూచిస్తుంది.

అలంకారశాస్త్రం నాయకులను ధీరోదాత్త, ధీరోద్ధత, ధీరలలిత, ధీరశాంతులుగా విభజించింది. కాకతీయ ప్రతాపరుద్రుని నాయకునిగా చేసి విద్యానాథుడు రచించిన ప్రతాపరుద్రీయం ఈ సంప్రదాయాన్ని ఓరుగల్లు ఆస్థానంలో నిలిపింది. కావ్యంలో ఈ విభజన పాత్రౌచిత్యానికి ఉపకరిస్తుంది. లోకంలో మనిషి ఔచిత్యానికి కట్టుబడి ఉండడు.

1509 నుండి 1529 వరకు పాలించిన కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో యామునాచార్యుని నోట కుమారునికి చెప్పించిన రాజనీతి ఈ సందర్భంలో పేర్కొనదగినది. అధర్మానికి భయపడేవాడు, రాజనీతి తెలిసినవాడు, యాభై ఏళ్ళు దాటి డెబ్బైకి లోబడినవాడు, ఆరోగ్యవంతుడు, గర్వం లేనివాడు మంత్రి కావాలని అందులో ఉంది. వయస్సు, ఆరోగ్యం, గుణం, అనుభవం కలిసిన సమగ్రదృష్టి ఇది. కాని దుర్గాధిపత్యాన్ని విప్రులకు అప్పగించాలనడంలో, మంత్రికి వంశక్రమాగతమైన సంబంధాన్ని కోరడంలో జన్మ మళ్ళీ ప్రమాణమైంది. గుణపరీక్ష, కులనిర్ణయం ఒకే గ్రంథంలో పక్కపక్కన నిలవడం ఆ కాలపు రాజ్యావసరాలకు అద్దం పడుతుంది.

ఆధునిక వర్గీకరణ

ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలో పరిశ్రమల విస్తరణ ఈ ప్రశ్నను కొత్త రూపంలో ముందుకు తెచ్చింది. 1913లో వెలువడిన హ్యూగో మున్‌స్టర్‌బర్గ్ గ్రంథం మనోవిజ్ఞానాన్ని పారిశ్రామిక సామర్థ్యానికి అన్వయించింది. ట్రాము చోదకులను ఎన్నుకోవడానికి ఆయన వారి అవధానాన్ని పరీక్షించాడు. 1921లో కార్ల్ యూంగ్ అంతర్ముఖ, బహిర్ముఖ వైఖరులను, ఆలోచన, అనుభూతి, ఇంద్రియజ్ఞానం, సహజావబోధం అనే నాలుగు మనోవ్యాపారాలను కలిపి ఎనిమిది తెగలను ప్రతిపాదించాడు. ఈ గ్రంథం ప్రభావంతో అమెరికాలో కేథరిన్ బ్రిగ్స్, ఆమె కుమార్తె ఇసబెల్ మయర్స్ పదహారు తెగల ప్రశ్నావళిని రూపొందించారు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో ఉద్యోగాలలో ప్రవేశిస్తున్నవారికి తగిన పనిని సూచించాలన్నది ఇసబెల్ ఆశయం. ఆశయం ఉదాత్తమైనదే గాని పద్ధతిలో లోపం ఉంది. అంతర్ముఖత, బహిర్ముఖత రెండు గదులు కావు, ఒకే కొలమానానికి రెండు కొసలు. అధికసంఖ్యాకులు మధ్యలో ఉంటారు. మధ్యన గీత గీస్తే, గీతకు దగ్గరగా ఉన్నవారు నేడు ఒక గదిలో, కొన్ని వారాల తరువాత మరొక గదిలో తేలుతారు.

భాషాశాస్త్రజ్ఞులకు ఆసక్తి కలిగించే మార్గం మరొకటి ఉంది. 1936లో గోర్డన్ ఆల్పోర్ట్, హెన్రీ ఓడ్‌బర్ట్ ఆంగ్ల నిఘంటువు నుండి మనిషి తీరును తెలిపే 17,953 పదాలను సేకరించారు. మనుషుల మధ్య ముఖ్యమైన భేదాలన్నింటికీ భాష ఎప్పుడో పేర్లు పెట్టి ఉంటుందన్న ఊహ దీనికి ఆధారం. ఇటువంటి పదాలపై తరువాత జరిగిన గణాంక విశ్లేషణలలో ఐదు ప్రధాన లక్షణాలు తేలాయి. 1961లో అమెరికా వాయుసేన కోసం ట్యూప్స్, క్రిస్టల్ చేసిన పరిశోధన వీటిలో ప్రసిద్ధం. నవ్యతాభిముఖత, కర్తవ్యనిష్ఠ, బహిర్ముఖత, సౌమనస్యం, ఉద్వేగ అస్థిరత అని ఆ లక్షణాలను తెలుగులో వ్యవహరించవచ్చు. ఇవి తెగలు కావు, ప్రతి మనిషిలోనూ హెచ్చుతగ్గులుగా ఉండే గుణాలు.

లక్షణం, సందర్భం, పని

1968లో వాల్టర్ మిషెల్ ఈ లక్షణాల ఆధారంగా ప్రవర్తనను ఊహించడంలోని పరిమితిని ఎత్తిచూపాడు. ఒక సందర్భంలో నిజాయితీగా ఉన్నవాడు మరొక సందర్భంలో అలాగే ఉంటాడన్న నమ్మకానికి సాక్ష్యం బలహీనమని ఆయన వాదం. గుర్రం ఉపమానంతో కౌటిల్యుడు చెప్పినది స్థూలంగా ఇదే. 1991లో బారిక్, మౌంట్ 117 అధ్యయనాలను సమీక్షించి ఒక సమన్వయాన్ని సాధించారు. కర్తవ్యనిష్ఠకు వృత్తి నిర్వహణతో సంబంధం వారు పరిశీలించిన అన్ని వృత్తివర్గాలలోనూ కనిపించింది. బహిర్ముఖత నిర్వాహకులకు, విక్రేతలకు మాత్రమే ఉపకరించింది. అయితే ఈ సంబంధాల పరిమాణం మితమైనది. 2013లో ఆడమ్ గ్రాంట్ అధ్యయనంలో అత్యంత బహిర్ముఖుల కన్న మధ్యస్థులే అమ్మకాలలో ముందున్నారు. ఎక్కువ మాట్లాడేవానికి వినే తీరిక ఉండదు.

ముగింపు

మనిషి స్వభావం అతని పనిపై ప్రభావం చూపుతుంది. కాని ఆ ప్రభావాన్ని తెగల పేర్లు సరిగా పట్టలేవు. చరకుడు ప్రకృతిని పదింటిలో ఒక పరీక్షగా ఉంచాడు. గీత కర్తను పని చేసే తీరుతో గుర్తించింది. కౌటిల్యుడు సామర్థ్యాన్ని పనిలోనే చూడమన్నాడు, నియమించిన తరువాత కూడ చూస్తూ ఉండమన్నాడు. ఆధునిక శాస్త్రం తెగల మీదుగా ప్రయాణించి, పట్టుదలతో క్రమబద్ధంగా పని చేసే గుణానికే అగ్రస్థానమిచ్చింది. వర్గీకరణను పరీక్షకు ముందు మెట్టుగా వాడినప్పుడు అది వివేకమైంది. పరీక్షకు బదులుగా వాడినప్పుడు అది పుట్టుక పేరుతోనో, ప్రశ్నావళి పేరుతోనో మనిషిని బంధించింది.

తెలుగు పరిశోధనకు ఇందులో చేయదగిన పని ఉంది. పట్టుదలను గుణంగాను, మొండితనాన్ని దోషంగాను, నిదానాన్ని ఒకచోట ప్రశంసగాను మరొకచోట నిందగాను వాడే భాష ఇది. లౌక్యం, చాదస్తం, నిబ్బరం, చొరవ వంటి మాటలకు పరభాషలలో సరిసమానమైన పదాలు దొరకడం కష్టం. శబ్దరత్నాకరం, సూర్యరాయాంధ్ర నిఘంటువు, మాండలిక పదకోశాల నుండి ఇట్టి స్వభావవాచకాలను సేకరించి, వాటి అర్థచ్ఛాయలను వర్గీకరిస్తే, తెలుగువారు మనిషిని, పనిని ఏ విధంగా అంచనా వేసుకున్నారో వారి మాటల్లోనే తెలుస్తుంది. తెలుగువారి స్వభావాన్ని కొలిచే సాధనాలను రూపొందించేవారికి కూడ ఆ పదసంపద తొలి ఆధారం కాగలదు.