స్టెప్నీలో గాలుందా అల్లుడుగారూ?

కోనసీమలో పండగ రోజుల్లో ఎవరికైనా ఎదురయ్యే సంగతే ఇది, పేర్లతో పనిలేదు.

కనుమ రాత్రి. జగ్గన్నతోట ప్రభల తీర్థం చూసుకుని, అమలాపురంలో చుట్టాలింట భోంచేసి రాజోలు వెళ్తున్న కారు, తాటిపాక కిలోమీటరుందనగా ఎడమకి లాగడం మొదలెట్టింది. అల్లుడు బ్రేకు తొక్కబోయి తమాయించుకున్నాడు. స్టీరింగు గట్టిగా పట్టి, యాక్సిలరేటరు వదిలి, నాలుగు ఇండికేటర్లూ వేశాడు.

"ఇక్కడే ఆపెయ్యండి అల్లుడుగారూ! టైరూ పోద్ది, రిమ్మూ పోద్ది."

అది కత్తిపూడి నుంచి ఒంగోలు దాకా పోయే 216వ నంబరు జాతీయ రహదారి. రాత్రంతా లారీలే. మంచులో ఆగిన కారు మీదకొచ్చేదాకా కనిపించదు.

"టైరు కొనుక్కుందాం లెండి మావయ్యగారూ!" మెల్లగా పోనిచ్చి, ఊరి మొదట్లో మూసున్న కొట్టు ముందు సిమెంటు చప్టా మీద ఆపాడు. మంచి పనే చేశాడు. రోడ్డు వారన మెత్తటి మట్టిలో జాకీ దిగబడిపోతుంది.

ఆడవాళ్ళనీ పిల్లల్నీ దించి కొట్టు అరుగెక్కించారు. ఎర్ర త్రికోణాన్ని యాభై మీటర్లు వెనక పెట్టొచ్చారు. హ్యాండ్‌బ్రేకు లాగి, గేరులో ఉంచి, చక్రానికి అడ్డం పెడదామంటే ఈ లంకల సీమలో రాయెక్కడిది? రెండు ఇటుకలు దొరికాయి.

జాకీ తిప్పబోతుంటే టీ బడ్డీ దగ్గర్నుంచి కొబ్బరి లారీ డ్రైవరు అరిచాడు.

"ఆగండాగండి! ముందు నట్లు వదులు చెయ్యాలండి. ఎత్తాక బలం పెడితే బండి జాకీ మీంచి జారుద్దండి."

ఒక నట్టు ఎంతకీ కదల్లేదు. షాపుల్లో గన్నుతో బిగిస్తే ఇదే గోల. పానా మీద కాలేసి తొక్కితే కిర్రుమని కదిలింది. ఊడదీసిన చక్రాన్ని డ్రైవరు కారు కిందకి తోశాడు. జాకీ జారినా కారు దాని మీద ఆగుతుందట.

మావగారు స్టెప్నీని నొక్కి చూశారు. "గాలేదండీ ఇందులో?"

కొన్నప్పట్నుంచీ దాన్నెవరూ ముట్టుకోలేదు. డ్రైవరు నవ్వి, తన లారీ ఎయిర్ ట్యాంకు నుంచి పైపు లాగి గాలి కొట్టాడు. నట్లు చేత్తో పట్టించి, కారు దించాక ఎదురెదురువి గట్టిగా బిగించారు.

టైరు గాలి చూసే ఏర్పాటూ, పంచరు కిట్టూ ఉంటే 2020 అక్టోబరు నుంచి కార్లకు స్టెప్నీ తప్పనిసరి కాదు. మీ డిక్కీలో అసలుందో లేదో, ఉంటే గాలుందో లేదో ఈ ఆదివారమే చూసుకోండి. జాతీయ రహదారి మీద ఇరుక్కుంటే 1033కి ఫోన్ చెయ్యండి.