సున్న, ఒకటి: ఒక సంకేతము చరిత్ర

గణకయంత్రములు సున్న, ఒకటి అను రెండంకెలతో పనిచేయునని లోకమున వాడుక. కాని తీగలో అంకె యుండదు. ఉండునది విద్యుత్పీడనము మాత్రమే. దానికి అంకె పేరెట్లు వచ్చెనో విచారింపదగియున్నది.

జార్జి బూల్ 1847లో ఒక చిన్న పుస్తకమును, ఐర్లండులోని కార్క్ నగరమున ఆచార్యుడై యుండగా 1854లో ఒక పెద్ద గ్రంథమును వెలువరించి, తర్కమునకు బీజగణితరూపము కల్పించెను. ఆతని పద్ధతిలో ఒకటి సమస్తమునకు, సున్న శూన్యమునకు గుర్తులు.

1937లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో విద్యార్థియగు క్లాడ్ షానన్ ఈ గణితమును రిలే వలయములకు అన్వయించి, 1938లో వ్యాసముగ ప్రకటించెను. ఆ దశాబ్దముననే జపానులో నకషిమ అకిర, రష్యాలో విక్టర్ షెస్టకోవ్ స్వతంత్రముగ ఇట్టి మార్గమునే త్రొక్కిరి. షానన్ లెక్కించినది ప్రవాహమును గాదు, ప్రవాహమునకు గల అవరోధమును. కావున మూసిన వలయము సున్న, తెరచినది ఒకటి. శ్రేణిలో కూర్చిన స్విచ్చులకు కూడిక, సమాంతరముగ కూర్చినవానికి గుణకారము. నేటి పాఠ్యగ్రంథములలో సాధారణముగ ఇది తలక్రిందులుగ నుండును. ఐనను రెండును నిర్దుష్టములే.

1960వ దశకమున ప్రచారమునకు వచ్చిన టీటీఎల్ వలయములు 5 వోల్టులతో పనిచేయును. వానిలో పంపు వలయము హెచ్చుస్థాయిని 2.4 వోల్టులకు తగ్గకుండ, తక్కువస్థాయిని 0.4కు మించకుండ ఈయవలెను. అందుకొను వలయము 2.0 మొదలు పైదానిని హెచ్చుగను, 0.8 వరకు గలదానిని తక్కువగను గ్రహించును. ఈ 0.4 వోల్టుల ఎడము దారిలో కలుగు విద్యుత్ కల్లోలమును సహించుటకు. 0.8కి, 2.0కి నడుమ అర్థము అనిశ్చితము.

క, చ అను రెండు నివేశములును హెచ్చైననే నిర్గమము హెచ్చగు ద్వారమొకటి కలదనుకొందము. హెచ్చును ఒకటి యన్నచో నిర్గమము క · చ. తక్కువను ఒకటి యన్నచో అదియే క + చ. ద్వారము మారలేదు, సంకేతము మారినది. మొదటిది ధనతర్కము, రెండవది ఋణతర్కము.

శబ్దార్థసంబంధము సంకేతకృతమని నైయాయికులందురు. బూలియన్ సమాసమున ఈ మాట అక్షరాల చెల్లుచున్నది. పేరిడుటలో స్వేచ్ఛ గలదు. ఇడినపిదప పాటించుట విధి. షానన్ వ్యాసమును నేటి సంకేతముతో చదువువాడు ప్రతి వలయమును తారుమారుగ గ్రహించును. ప్రాచీనకావ్యమున పరిమళమను అర్థమున వచ్చిన ‘కంపు’ను నేటి దుర్గంధముగ తలచువాని పొరపాటును ఇట్టిదే. ఏ పాఠమునైనను దాని కాలపు సంకేతముతోనే చదువవలెననుట ఇరుశాస్త్రములకును సమానమైన నియమము.