కొలువును బట్టే కోర్సు: గుంటూరు సీమలో వ్యాయామ విద్య నడక

ఏ చదువుకైనా రెండు చరిత్రలుంటాయి. ఆ శాస్త్రం ఎలా పెరిగిందన్నది ఒకటి, ఆ చదువు చదివినవాళ్లకు ఎవరు జీతమిచ్చారన్నది రెండోది. మొదటిది పాఠ్యపుస్తకాల్లో దొరుకుతుంది. రెండోదాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోరు. వ్యాయామ విద్య విషయంలో మాత్రం ఆ రెండోదే మొదటిదానికి ముక్కుతాడు వేసి నడిపించింది. బడి జీతమిచ్చినన్నాళ్లూ ఆ చదువు బడిపంతుళ్లను తయారుచేసింది. అకాడమీలు జీతమివ్వడం మొదలుపెట్టాక కోచ్‌లు, ఫిజియోలు కావలసి వచ్చారు. లీగులు వచ్చాక మేనేజర్లు కావలసి వచ్చారు. పత్తి, మిర్చి పండే గుంటూరు, ప్రకాశం మైదానాల్లో ఈ చదువు నడిచిన దారి చూస్తే ఆ సంగతి తేటగా కనిపిస్తుంది.

కాలేజీకి ముందు

కాలేజీలు రాకముందు ఈ సీమలో శరీర సాధన లేదనుకోవడానికి వీల్లేదు. తాలింఖానాల్లో దండీలు, బస్కీలు తీసేవాళ్లు, కర్రసాము నేర్చేవాళ్లు, గోదాలో కుస్తీ పట్టేవాళ్లు ఉండేవారు. ఆ విద్య గురువు నోట, శిష్యుడి ఒంట ఉండేది తప్ప కాగితం మీదికి రాలేదు. లెక్కాపత్రంతో సత్తువను కొలిచే పద్ధతి మాత్రం ఇక్కడి రైతుకు మరోచోట బాగా అలవాటు. అది ఒంగోలు గిత్తల బండలాగుడు. పళ్లను చూసి గిత్తల వయసు తేలుస్తారు. రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అంటూ విభాగాలు చేస్తారు. ఒక్కో విభాగానికి ఒక్కో బరువు బండ. ఇచ్చిన సమయంలో ఏ జత ఎన్ని అడుగులు లాగిందో టేపు పెట్టి కొలుస్తారు. ఉలవలు ఉడికించి పెట్టడం దగ్గర్నుంచి బరువు అలవాటు చెయ్యడం దాకా ఆ గిత్తల పెంపకమే ఓ శిక్షణ. వయసు, బరువు, కాలం, దూరం అనే నాలుగింటితో సామర్థ్యాన్ని కొలవడం ఇవాళ వ్యాయామ విద్య డిగ్రీ అయిన బీపీఈడీలో టెస్ట్స్ అండ్ మెజర్‌మెంట్స్ అనే పేపరు. తిరునాళ్లలో అది ఎడ్లకు ఎప్పుడో జరిగిపోతున్న పనే.

సైదాపేట దారి

మనిషికి ఈ చదువు సర్టిఫికెట్ రూపంలో మద్రాసు నుంచి వచ్చింది. తెలుగువాళ్లలో ఆ దారి తొక్కిన తొలితరం మనిషి కోడి రామ్మూర్తి నాయుడు. 1882లో వీరఘట్టంలో పుట్టిన రామ్మూర్తి, గుండెల మీద ఏనుగును నడిపించుకున్న సర్కస్ వీరుడిగానే జనానికి గుర్తు. అంతకుముందు ఆయన మద్రాసు సైదాపేటలో ఒక ఏడాది వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరంలో తాను చదివిన హైస్కూల్లోనే వ్యాయామ ఉపాధ్యాయుడిగా చేరాడు. కలియుగ భీముడనిపించుకున్న ఆయనకు కూడా మొదట దొరికిన కొలువు బడిలోనే.

1920లో మద్రాసులో హ్యారీ క్రో బక్ అనే అమెరికన్ వైఎంసీఏ తరఫున వ్యాయామ విద్యా కళాశాల ప్రారంభించాడు. ఆసియాలో ఈ తరహా కళాశాలల్లో అదే మొదటిదని చెబుతారు. బక్ చదివింది మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో. అక్కడి వైఎంసీఏ శిక్షణాలయంలోనే 1891లో జేమ్స్ నైస్మిత్ బాస్కెట్‌బాల్‌ను రూపొందించాడు. ఆ పక్కనే హోలియోక్ పట్టణంలో 1895లో విలియం మోర్గాన్ వాలీబాల్ మొదలుపెట్టాడు. ఈ రెండు ఆటలనూ వైఎంసీఏ మనుషులే మన దేశానికి మోసుకొచ్చారు. పల్నాడు ఊళ్లలోనైనా, చీరాల తీరంలోనైనా సాయంత్రం పూట రెండు గుంజలు పాతి వల కట్టి ఆడే వాలీబాల్ వెనుక ఆ వైఎంసీఏ ఉంది. 1924 పారిస్ ఒలింపిక్స్‌కు వెళ్లిన భారత జట్టుకు బక్ మేనేజర్‌గా వెళ్లాడు. ఒకే మనిషి పాఠం చెప్పాడు, శిక్షణ ఇచ్చాడు, జట్టును నడిపాడు. ఇవాళ మూడు డిగ్రీలుగా విడిపోయిన పనులు అప్పట్లో ఒక్కరి నెత్తినే ఉండేవి.

ఆ రోజుల్లోనే ఈ మైదానంలో వ్యాయామానికి ఇంకో గిరాకీ కూడా వచ్చింది. 1921లో చీరాల పేరాల ఉద్యమం నడిపిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య రామదండు పేరుతో స్వచ్ఛంద సేవకుల దళం కూర్చాడు. అదే ఏడు బెజవాడలో జరిగిన అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశాల్లో జనాన్ని అదుపులో పెట్టింది ఈ దండే. వరుసలో నిలబడ్డం, మాట మీద కదలడం ఉద్యమానికీ కావలసి వచ్చింది. కానీ ఉద్యమం జీతమివ్వలేదు. జీతమిచ్చింది బడి. అందుకే నిలిచింది బడి డ్రిల్లే.

ఆ కొలువుకు తగ్గట్టే చదువూ సాగింది. మార్చింగ్ ఆదేశాలు, ఆటల నియమాలు, సున్నంతో కోర్టు గీయడం, ఈలతో పిల్లల్ని అదుపులో పెట్టడం నేర్పితే చాలు. ఊపిరితిత్తులు, గుండె, కండరాల సంగతి పరీక్ష కోసం చదివేదే. డ్రిల్లు మాస్టారికి ప్రార్థన దగ్గర పని, జెండా పండగ దగ్గర పని, మిగతా మాస్టార్లు రానిరోజు ఆ క్లాసులోనూ పని. ఆయన చదివిన శరీర శాస్త్రాన్ని అడిగేవాళ్లే లేరు.

కోచ్ అనే కొత్త మనిషి

హైదరాబాదులో నిజాం ప్రభుత్వం 1931లో వ్యాయామ విద్యా శిక్షణ కళాశాల పెట్టింది. ఆ నగరంలోనే బడి ఉద్యోగం నుంచి పైకి ఎదిగిన మనిషి సయ్యద్ అబ్దుల్ రహీం. కాచిగూడ బళ్లో పాఠాలు చెప్పుకునే ఆయన వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి ఆటల బాధ్యత తీసుకున్నాడు. తర్వాత భారత ఫుట్‌బాల్ జట్టుకు కోచ్ అయ్యాడు. 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం ఆయన హయాంలోనివే. బడిపంతులు శిక్షకుడైతే ఏమవుతుందో దేశం చూసింది.

స్వాతంత్ర్యం వచ్చాక ప్రభుత్వం రెండు దారులు వేసింది. 1957లో గ్వాలియర్‌లో లక్ష్మీబాయి కళాశాల పెట్టి వ్యాయామ విద్యలో మూడేళ్ల డిగ్రీ తెచ్చింది. 1961లో పటియాలాలో జాతీయ క్రీడా సంస్థను పెట్టి కోచ్‌లను తయారుచెయ్యడం మొదలుపెట్టింది. మన జిల్లాల్లో ఈనాటికీ ఒకరిని పరిచయం చేస్తూ "ఎన్ఐఎస్ చేశాడు" అంటే అర్థం పటియాలా డిప్లొమా ఉందని. బీపీఈడీ చేసినవాడు బళ్లోకి, ఎన్ఐఎస్ చేసినవాడు స్టేడియంలోకి వెళ్లడం అప్పటి నుంచి మొదలైంది. బళ్లు ఊరూరా ఉన్నాయి, స్టేడియాలు జిల్లాకు ఒకటి రెండు. ఎక్కువమంది ఏది చదివారో చెప్పనక్కర్లేదు.

నాగార్జున ప్రాంగణంలో

1976లో గుంటూరు, విజయవాడ మధ్య నంబూరు దగ్గర నాగార్జున విశ్వవిద్యాలయం వెలిసింది. దాంతో ఈ చదువు మన పొలాల మధ్యకే వచ్చింది. అక్కడి వ్యాయామ విద్య, క్రీడాశాస్త్రాల కళాశాలలో బీపీఈడీ, ఎంపీఈడీ ఉన్నాయి. ఈ కోర్సుల్లో సీట్ల కోసం రాష్ట్రమంతటికీ జరిగే ప్రవేశ పరీక్ష పీఈసెట్‌ను ఇటీవల చాలా ఏళ్లు ఈ విశ్వవిద్యాలయమే నిర్వహించింది.

పీఈసెట్‌ను దగ్గర్నుంచి చూస్తే ఈ చదువు స్వభావం తెలుస్తుంది. ఇందులో రాత పరీక్ష ఉండదు. మొత్తం 500 మార్కుల్లో 400 దేహదారుఢ్య పరీక్షలకు, 100 ఆటలో నైపుణ్యానికి. నూరు మీటర్ల పరుగు అందరికీ ఉంది. మగపిల్లలు 800 మీటర్లు, ఆడపిల్లలు 400 మీటర్లు పరిగెత్తాలి. లాంగ్‌జంప్, హైజంప్‌లలో ఒకటి ఎంచుకోవాలి. ఇనుప గుండు విసరాలి. కబడ్డీ, ఖోఖో, బాల్ బ్యాడ్మింటన్, వాలీబాల్ లాంటి ఆటల్లో ఒకదాన్ని ఆడి చూపించాలి. ఒంట్లో సత్తువ ఉన్నవాడికి సీటు.

ఇలా సీటు తెచ్చుకున్న పిల్లవాడు క్లాసులో కూర్చుంటే అనాటమీ, ఫిజియాలజీ, కైనీసియాలజీ, బయోమెకానిక్స్, స్పోర్ట్స్ సైకాలజీ ఎదురవుతాయి. పుస్తకాలు చాలామటుకు ఇంగ్లీషులోనే. జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2014 నిబంధనలతో బీపీఈడీ ఏడాది నుంచి రెండేళ్లయింది. క్రీడా నిర్వహణ, క్రీడా వైద్యం, ఫిజియోథెరపీ కూడా పాఠ్యాంశాల్లో చేరాయి. సిలబస్ శాస్త్రం వైపు జరిగింది, గేటు మాత్రం మైదానంలోనే ఉంది. గేటు తప్పని కాదు. లోపలికి వచ్చాక శాస్త్రాన్ని ఒంటబట్టించే పని ఎవరిదన్నదే ప్రశ్న.

ఒంటబట్టడం ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో హార్వర్డ్‌లో తయారైన స్టెప్ టెస్ట్‌ను వ్యాయామ విద్యార్థులు నేర్చుకుంటారు. 20 అంగుళాల ఎత్తు బల్ల మీదికి నిమిషానికి 30 సార్ల చొప్పున ఐదు నిమిషాలు ఎక్కి దిగాలి. ఆగాక నిమిషం గడిచి ఓసారి, రెండు నిమిషాలకు ఓసారి, మూడు నిమిషాలకు ఓసారి, ఒక్కోసారి అరనిమిషం పాటు నాడి లెక్కపెట్టాలి. నాడి ఎంత త్వరగా దిగితే గుండె అంత గట్టిది. కావలసింది ఒక బల్ల, ఒక స్టాప్‌వాచ్, మణికట్టు మీద రెండు వేళ్లు. ఆ అంకెలు నోట్‌బుక్కులో రాసుకుని, నెల తర్వాత మళ్లీ కొలిచి, తేడా ఎందుకొచ్చిందని అడిగిన నాడు డ్రిల్లు శాస్త్రమవుతుంది.

చీలిన కొమ్మలు

బయటి దేశాల్లో ఈ చెట్టు ఎప్పుడో కొమ్మలు వేసింది. 1950లో అమెరికాలో అథ్లెటిక్ ట్రైనర్లు సొంత సంఘం పెట్టుకున్నారు. ఆటగాడికి దెబ్బ తగలకుండా చూడడం, తగిలితే తిరిగి మైదానంలోకి తేవడం వాళ్ల పని. 1954లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ ఏర్పడింది. క్రీడా నిర్వహణ కథ మరీ తమాషాగా ఉంటుంది. 1957లో బ్రూక్లిన్ డాడ్జర్స్ బేస్‌బాల్ జట్టు యజమాని వాల్టర్ ఓమాలీ, జట్టును, మైదానాన్ని నడిపే మనిషి కావాలంటే ఎక్కడ చదివిస్తారని జేమ్స్ మేసన్ అనే ప్రొఫెసర్‌కు ఉత్తరం రాశాడు. అలాంటి చదువే లేదు. చివరికి 1966లో ఒహాయో విశ్వవిద్యాలయంలో మేసన్ ఆ కోర్సు మొదలుపెట్టాడు. అక్కడా అంతే. మొదట యజమాని అడిగాడు, తర్వాతే కోర్సు పుట్టింది.

మన దగ్గర అలా అడిగే యజమానులు 2008లో ఐపీఎల్‌తో, 2014లో ప్రొ కబడ్డీతో వచ్చారు. ప్రభుత్వమూ పెద్ద ఎత్తున పోటీలకు దిగింది. 2023 డిసెంబరు 26న గుంటూరు శివారు నల్లపాడులో మొదలైన 'ఆడుదాం ఆంధ్రా' గ్రామ, వార్డు సచివాలయాల స్థాయి నుంచి రాష్ట్ర స్థాయి దాకా ఐదు ఆటల్లో జరిగింది. మ్యాచ్‌ల పట్టిక వేయడం, అంపైర్లను కుదర్చడం, బంతులూ బ్యాట్లూ ఊళ్లకు చేర్చడం, దెబ్బతగిలినవాళ్లను చూసుకోవడం, ఇదంతా క్రీడా నిర్వహణ పాఠమే. ఆ బరువులో పెద్ద పాలు మోసింది బడి పీఈటీలు, కాలేజీ పీడీలే. పాత కొలువులోనే కొత్త పని వచ్చి చేరింది.

ఊరు దాటిన ఆటగాళ్లు

ఈ నేల ఆటగాళ్లకు తక్కువ చెయ్యలేదు. అప్పటి ప్రకాశం జిల్లా నాగండ్లలో పుట్టిన పుల్లెల గోపీచంద్ మోకాలి గాయాలను, ఆపరేషన్లను దాటుకుని 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టైటిల్ గెలిచాడు. స్టువర్టుపురం కుర్రాడు రాగాల వెంకట రాహుల్ 2018 గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో వెయిట్‌లిఫ్టింగ్ 85 కిలోల విభాగంలో 338 కిలోలు ఎత్తి స్వర్ణం తెచ్చాడు. ఒకప్పుడు తెల్లదొరలు నేరస్థ తెగ అని ముద్రవేసి కంచె కట్టిన ఊరది. గుంటూరు కుర్రాడు కిదాంబి శ్రీకాంత్ 2018లో బ్యాడ్మింటన్‌లో ప్రపంచ నంబర్ వన్ అయ్యాడు. అయితే వీరిలో రాహుల్‌ను, శ్రీకాంత్‌ను తీర్చిదిద్దింది హైదరాబాదు పరిసరాలే. రాహుల్‌కు హకీంపేట స్పోర్ట్స్ స్కూలు, శ్రీకాంత్‌కు గచ్చిబౌలిలో గోపీచంద్ పెట్టిన అకాడమీ దారి చూపించాయి. కోచ్, ఫిజియో, ట్రైనర్, ఆహార నిపుణులు ఒక్కచోట జీతానికి పనిచేసే వ్యవస్థ అక్కడ ఉంది. శాస్త్రం చదివినవాళ్లూ దాని వెంటే వెళ్లారు. సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన సిక్కోలు ఆడపడుచు కరణం మల్లీశ్వరి 2021లో ఢిల్లీ క్రీడా విశ్వవిద్యాలయానికి తొలి వైస్ ఛాన్సలర్ అయింది. మన మనిషే, మన జిల్లాల్లో కాదు.

ఇక్కడి యజమాని ఎవరు?

మరి గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో వ్యాయామ శాస్త్రం చదివిన పిల్లలకు బడి తప్ప దిక్కు లేదా? జవాబు ఆ శాస్త్రం పుట్టుకలోనే ఉంది. స్టెప్ టెస్ట్ పుట్టిన హార్వర్డ్ ఫెటీగ్ ల్యాబొరేటరీ 1927లో మొదలైంది ఆటగాళ్ల కోసం కాదు. అది ఉండేది బిజినెస్ స్కూల్ నేలమాళిగలో. ఫ్యాక్టరీల్లో శ్రమచేసే మనిషి ఎందుకు అలసిపోతాడు, ఎండలో, ఎత్తు ప్రదేశాల్లో శరీరం ఎలా తట్టుకుంటుందన్నవి దాని ప్రశ్నలు. ఆటగాళ్లకు ఆ జ్ఞానం తర్వాత పనికొచ్చింది.

ఆ ప్రశ్నలు మన దగ్గర రోజూ నడుస్తున్నాయి. గుంటూరు మిర్చి యార్డుకు సరుకు పోటెత్తేది వేసవి ముంగిట్లో. ఆ ఎండల్లో హమాలీలు మిర్చి బస్తాలైన టిక్కీలు వీపుకెత్తుకుని లారీలు నింపుతారు. నడుం పట్టేసిందంటే మర్నాడు కూలి పోయినట్టే. పత్తి తీసే ఆడవాళ్లు పొద్దస్తమానం వంగే ఉంటారు. రెంటచింతల పొడి ఎండలో చెమట ఆరిపోతూ ఒళ్లు చల్లబడుతుంది, నీళ్లు తాగకపోతే ప్రమాదం. బాపట్ల తీరంలో గాలిలో తేమ వల్ల చెమట కారుతుందే కాని ఆరదు, వేడి ఒంట్లోనే ఉండిపోతుంది. కొత్తగా ఎండలోకి దిగిన శరీరం అలవాటు పడడానికి దాదాపు రెండు వారాలు పడుతుంది. ఇవన్నీ సిలబస్‌లో ఉన్న విషయాలే. క్రికెటర్‌కు ఎంతో, హమాలీకీ అంతే వర్తిస్తాయి.

ఎంపీఈడీ విద్యార్థి ప్రాజెక్టుకు హాస్టల్ పిల్లల్నే కొలవాలని ఎక్కడా లేదు. యార్డులో బరువు ఎత్తే తీరు, విరామం, నీళ్లు, నాడి కొలిచి చూపించగలిగితే మార్కెట్ కమిటీ, కార్మిక శాఖ, పెద్ద వ్యాపారులు ఆ చదువుకు కొత్త యజమానులు కావచ్చు. వందేళ్ల చరిత్ర చెప్పేది ఒక్కటే: జీతమిచ్చేవాడు మారితేనే ఈ చదువు మారింది. ఈసారి ఆ జీతమిచ్చేవాడి కోసం ఎదురుచూడకుండా, వాడికి పనికొచ్చే లెక్కలు ముందుగా తయారుచెయ్యడం మన కాలేజీల చేతిలో ఉన్న పని.