ఫోన్ పెట్టేస్తే పని ఆగిపోవాలా? నోహప్ వెనకున్న కథ

ఈ ఎపిసోడ్‌లో 50 ఏళ్ళు దాటిన ఒక చిన్న కమాండ్ గురించి చెప్తాను. పేరు నోహప్.

మీరు క్లౌడ్‌లో ఒక సర్వర్ తీసుకుని, ఎస్‌ఎస్‌హెచ్‌తో లాగిన్ అయ్యి, 6 గంటలు పట్టే మోడల్ ట్రైనింగ్ మొదలుపెట్టారనుకోండి. మధ్యలో వైఫై పోయింది. మళ్ళీ లాగిన్ అయి చూస్తే ట్రైనింగ్ లేదు. సర్వర్ మాత్రం నిక్షేపంలా నడుస్తోంది. మరి మీ పనిని ఎవరు చంపారు? ఇది తెలియాలంటే 1970ల్లోకి వెళ్ళాలి.

యూనిక్స్‌ని 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మొదలుపెట్టారు. అప్పట్లో మనిషికో కంప్యూటర్ అనే మాటే లేదు. బీరువా అంత పీడీపీ-11 ఒకటి ఉంటే, దాన్ని చాలామంది పంచుకునేవాళ్ళు. వాళ్ళ ముందు స్క్రీన్ కూడా ఉండేది కాదు, టెలిటైప్ ఉండేది. అందులో బాగా పేరున్న మోడల్ 33 కాగితం మీద సెకనుకి 10 అక్షరాలు కొట్టేది. ఇవాళ్టికీ లైనక్స్‌లో టెర్మినల్‌ని టీటీవై అంటాం కదా, ఆ పేరు టెలిటైప్ నుంచి వచ్చిందే.

దూరంగా ఉన్నవాళ్ళు ఆ కంప్యూటర్‌కి ఎలా కనెక్ట్ అయ్యేవాళ్ళు? ఫోన్ చేసి! నిజంగానే నంబర్ తిప్పి, మోడెమ్ ద్వారా. పనయ్యాక ఫోన్ పెట్టేసేవాళ్ళు. ఇంగ్లీషులో దాన్నే హ్యాంగప్ అంటారు. లైన్ తెగిందని మోడెమ్ చెప్పగానే, ఆ టెర్మినల్ మీద నడుస్తున్న ప్రోగ్రాములకి కెర్నల్ ఒక సిగ్నల్ పంపేది. దాని పేరు సిగ్‌హప్, నంబర్ 1. ముందే ఏదో ఏర్పాటు చేసుకుంటే తప్ప, అది అందుకున్న ప్రోగ్రాం అక్కడితో ఆగిపోతుంది.

ఆ రోజుల్లో ఇది న్యాయమైన రూలే. మెషీన్ అందరిదీ, మెమరీ చాలా తక్కువ. మనిషి వెళ్ళిపోయాక అతని పని ఎందుకు నడవాలి? పైగా అదే లైన్‌కి ఇంకొకరు ఫోన్ చేస్తే, మీ ప్రోగ్రాం వాళ్ళ చేతికి చిక్కకూడదు కదా.

కానీ రాత్రంతా నడవాల్సిన లెక్క ఒకటుంటే? దానికి జవాబుగా 1973లో, యూనిక్స్ నాలుగో ఎడిషన్‌లో నోహప్ వచ్చింది. అది చేసేది చాలా చిన్న పని. 'సిగ్నల్ 1 వస్తే పట్టించుకోకు' అని చెప్పి మీ ప్రోగ్రాంని మొదలుపెడుతుంది. స్క్రీన్ మీద పడాల్సిన అక్షరాల్ని నోహప్ డాట్ అవుట్ అనే ఫైల్‌లోకి మళ్ళిస్తుంది. అంతే. ప్రోగ్రాంని బ్యాక్‌గ్రౌండ్‌కి పంపేది మాత్రం నోహప్ కాదు, కమాండ్ చివర పెట్టే యాంపర్‌సాండ్ గుర్తు. చాలామంది ఈ రెండూ ఒకటే అనుకుంటారు.

నోహప్‌లో ఒక లోటుంది. అలా వదిలేసిన ప్రోగ్రాం దగ్గరికి తిరిగొచ్చి మాట్లాడలేం. 1987లో బెర్లిన్ టెక్నికల్ యూనివర్సిటీలో ఒలివర్ లౌమన్, కార్స్‌టెన్ బోర్మన్ రాసిన స్క్రీన్ ఆ లోటు తీర్చింది. మీ ప్రోగ్రాంని మీ లైన్‌కి కాకుండా, సర్వర్ లోపలే ఉండే ఒక ఉత్తుత్తి టెర్మినల్‌కి కడుతుంది. లైన్ తెగినా ఆ టెర్మినల్ తెగదు. రేపొచ్చి మళ్ళీ అందులోనే కూర్చోవచ్చు. 2007లో నికొలస్ మారియట్ మొదలుపెట్టిన టీమక్స్‌ది కూడా ఇదే ఆలోచన.

ఈలోగా 1995లో ఫిన్లాండ్‌లో తాతు యిలోనెన్ ఎస్‌ఎస్‌హెచ్ రాశాడు. ఇప్పుడు ఫోనూ లేదు, మోడెమూ లేదు. కానీ పాత రూల్ పోలేదు. కనెక్షన్ పోయిందని సర్వర్‌కి తెలియగానే మీ టెర్మినల్ మూతపడుతుంది, అదే సిగ్‌హప్ బయల్దేరుతుంది. మీ ట్రైనింగ్‌ని చంపింది అదే. వైఫై పోతే, మీరు ఫోన్ పెట్టేశారని మెషీన్ అనుకుంది!

2016లో ఈ గొడవ మళ్ళీ లేచింది. సిస్టమ్‌డీ 230వ వెర్షన్, యూజర్ లాగౌట్ అవ్వగానే అతని ప్రాసెస్‌లన్నీ చంపడాన్ని డిఫాల్ట్ చేసింది. స్క్రీన్, టీమక్స్ కూడా పోయేవి. 'మిగిలిపోయిన చెత్త ఊడవాలి కదా' అన్నది వాళ్ళ వాదన. 'అది చెత్త కాదు, కావాలనే వదిలివెళ్ళాను' అన్నది యూజర్ల కోపం. డెబియన్ ఆ డిఫాల్ట్‌ని వెనక్కి తిప్పేసింది.

నాకు ఇందులో కనిపించేది ఒకటే ప్రశ్న. మనిషి వెళ్ళిపోయాక అతని పని ఎవరిది? మీరు కావాలని వెళ్ళారో, కరెంటు పోయి వెళ్ళారో మెషీన్‌కి తెలియదు. అందుకే మీ ఉద్దేశం ముందే చెప్పాలి. ఒక్క కమాండ్ అయితే నోహప్ చాలు. తిరిగొచ్చి చూడాలంటే టీమక్స్. సర్వర్ రీబూట్ అయితే మాత్రం ఈ రెండూ కాపాడలేవు. అప్పుడు పనిని సర్వీస్‌గా పెట్టుకోవాలి, మధ్యమధ్యలో చెక్‌పాయింట్లు సేవ్ చేసుకోవాలి.

ఈసారి పెద్ద జాబ్ పెట్టేముందు, ఎంటర్ నొక్కకముందే ఒక్క క్షణం ఆలోచించండి: ఇప్పుడు లైన్ తెగితే ఏమవుతుంది? ఉంటానండీ, మళ్ళీ కలుద్దాం.